ఆరో గొట్టం

ధర్మపురి,
14-11-1988, సోమవారం.

మహారాజశ్రీ ఇంజనీరు పద్మనాభన్ గారి సముఖమునకు,

పంపుహౌసు ఆపరేటరు దొరసామి నమస్కరించి వ్రాసుకొనునది. ఇచ్చట నేను, నా భార్య సౌభాగ్యం, బోరు మోటారు, ముగ్గురమూ క్షేమం. తమరు మద్రాసు నుంచి తెచ్చి నిలబెట్టిన యంత్రంలో ఆరు గొట్టాలకు ఒక గొట్టం క్షేమం. తమరూ తమ కుటుంబమూ అచ్చట క్షేమమని తలుస్తాను.

మర్యాద అయింది. ఇక తమరూ మీరూ నా వల్ల కాదు. ఒరే పద్మా, నీకు బుద్ధుందా?

ఈ ఉత్తరం నీ ఆఫీసుకే పంపుతున్నాను. నీకంటే ముందు ఎవరైనా కవరు చింపినా నాకు బెంగ లేదు. ఇది తెలుగు, ఆ తమిళ ఆఫీసులో నువ్వు తప్ప చదివేవాడు లేడు. పాపిరెడ్డిపట్టిలో మీ అంగడి వెనక కాంతామణి అవ్వ వేరుశనగ పొట్టు పరిచి, మన వేళ్లు పట్టుకుని దిద్దించిన అక్షరాలు. ఇక్కడ మా వీధి మొత్తం ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, చదవమంటే మాత్రం దిక్కులు చూస్తుంది. అవ్వ దగ్గర దిద్దినవాళ్లలో మిగిలింది నువ్వూ నేనే. నా ళకారం ఇప్పటికీ వంకరే, సర్దుకుని చదువుకో.

ఈ నెలాఖరుకు నువ్వు రిపోర్టు మీద సంతకం పెడతావట. ధర్మపురి నీళ్లకు ఫ్లోరైడు వడగట్టే ఈ పొర యంత్రం పనికిరాదు, ఈ రకం పొరను ఎంచడం నా తప్పే, అని రాస్తావట. ఇక్కడి మునిసిపాలిటీ ఆఫీసు మేనేజరు సదాశివం చెప్పాడు. ఆ సంతకం పడితే యంత్రాన్ని విప్పి ఎక్కడికో పంపేస్తారు, మళ్లీ ఇరవై ఏళ్లు ఈ ఊరివైపు ఎవరూ తిరిగి చూడరు. నేను చెబుతున్నాను, ఆ సంతకం పెట్టొద్దు. బతిమాలడం లేదు. పెట్టొద్దు అంటున్నాను, అంతే.

ఈ నెల అయిదో తేదీన నువ్వు వచ్చిన రోజు నాకు కళ్లలోనే ఉంది. ఆరు గొట్టాల నీళ్లూ కలిసి పడే కుళాయి కింద గాజు గొట్టం పట్టావు. దాంట్లో నీ ఎర్ర మందు చుక్కలు వేశావు. ఎర్రగా నిలిస్తే మంచినీళ్లు, పసుపుకు తిరిగితే ఫ్లోరైడు. పసుపుకు తిరిగింది. మళ్లీ పట్టావు, మళ్లీ పసుపే. స్టూలు మీద గంటసేపు కూర్చున్నావు. నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగావు, నేను జవాబు చెప్పాను. ఆ తర్వాత లేచి, అందరూ వింటుండగా, తప్పు నాది, ఈ ఊరికి రాసిపెట్టిన నీళ్లివే, అన్నావు. అని, మా ఇంట్లో కాఫీ కూడా తాగకుండా జీపెక్కావు. సౌభాగ్యం గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

రాసిపెట్టిన నీళ్లా? ఎవడు రాశాడు? వాడి చెయ్యి విరగ!

మా అమ్మను మరిచిపోయావా? నువ్వు కొత్తగా మద్రాసు ఆఫీసుకు మారి సెలవుకు వచ్చావు, అదే వారం ఆమె పోయింది. నడుము వంగి, మోకాళ్లు బిగుసుకుని, ఎనిమిదేళ్లుగా అలాగే ముడుచుకుని ఉన్న మనిషి. పాడె మీద వెల్లకిలా పడుకోబెట్టబోతే పడుకోలేదు. మనలో కూర్చోబెట్టి తీసుకుపోయే ఆచారం లేదు. అయినా గోనెసంచులు ఆసరా పెట్టి కూర్చోబెట్టే తీసుకుపోయాం. ఒక కొమ్ము నువ్వు మోశావు. స్నానం చేసి తడిబట్టలతో వస్తూ నువ్వన్న మాట నేను మరిచిపోలేదు. దొరా, ఇది ముసలితనం కాదురా, ఇది ఈ బోరునీళ్లు చేసిన పని, ఈ నీళ్లను నేను వదిలిపెట్టను చూడు, అన్నావు. పంతొమ్మిదేళ్లు పట్టినా అన్నమాట ప్రకారమే యంత్రం తెచ్చావు. ఇప్పుడు ఆర్నెల్లకే రాసిపెట్టి ఉంది అంటావా?

యంత్రం దిగిన రోజు నువ్వెంత ఓపికగా చెప్పావు నాకు! ఇసుక మట్టిని పట్టుకుంటుంది, క్లోరిన్ పురుగును చంపుతుంది, బండరాళ్లలోంచి నీళ్లలో కరిగే ఫ్లోరైడు మాత్రం రెండింటికీ దొరకదు, దాన్ని ఆపాలంటే నీళ్లను గట్టిగా తోసి పొరలోంచి దాటించాలి, అన్నావు. నేను ఇంటికి వచ్చి సౌభాగ్యానికి నా మాటల్లో చెప్పాను. గొట్టంలో చాప చుట్టినట్టు పొర చుట్టి పెట్టినారు, నీళ్లు దాటుతాయి, విషం దాటలేక బయటే నిలబడుతుంది, అని. ఆమె అంతా విని, అట్లయితే ఆ పొర మన మునిసిపాలిటీ గుమస్తా కంటే నయమే, లంచమిచ్చినా దాటనీదు, అన్నది.

వీధివాళ్లు మొదట్లో ఎంత గోల చేశారో నీకు పూర్తిగా తెలియదు. నీళ్లు సప్పగా ఉన్నాయి, జీవం లేదు, అని బిందెలు తిరగేశారు. అందరికంటే గట్టిగా అరిచింది ఎదురింటి పూంగావనం. దొరసామన్నా, ఈ నీళ్లు తాగితే తాగినట్టే లేదప్పా, మాకు పాత నీళ్లే ఇడువు, అని పంపుహౌసు ముందు కూర్చుంది. అప్పుడు సౌభాగ్యం ఏం చేసిందో తెలుసా? పూంగావనం ఇంటికి పోయి, ఆమె పొయ్యి మీదే రెండు కుండలు పెట్టి, ఒకదాంట్లో పాత నీళ్లు, ఒకదాంట్లో యంత్రం నీళ్లు పోసి, రెండింట్లో కందిపప్పు వేసింది. యంత్రం నీళ్లలో పప్పు వెన్నలా ఉడికి గరిటెకు అంటుకుంది. పాత నీళ్లలోది ఇంకా గింజలు గింజలుగానే ఉంది. మర్నాటి నుంచి బిందెల వరసలో మొదటి బిందె పూంగావనానిదే. నువ్వు పుస్తకాల్లో పేజీలు పేజీలు రాసింది ఈ ఊరికి పప్పు కుండ చెప్పింది.

ఇక నువ్వు వెళ్లాక జరిగింది విను. రెండు రోజులు నీ మీద కోపంతో నేను అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు, అంటే ఎనిమిదో తేదీ మంగళవారం, నువ్వు మరిచిపోయి వదిలేసిన ఎర్ర మందు సీసా తీసుకున్నాను. కలిసి పడే కుళాయి కాకుండా, ఒక్కొక్క గొట్టానికి ఉన్న చిన్న కుళాయి విడివిడిగా తిప్పి పట్టాను. ఒకటి పసుపు. రెండు పసుపు. మూడు, నాలుగు, అయిదు, అన్నీ పసుపే. ఆరోది ఎర్రగా నిలిచింది. నా కళ్లను నేను నమ్మలేదు. మూడుసార్లు పట్టాను. ఎరుపే. మంచి ఎరుపు, కుంకుమ నీళ్ల ఎరుపు.

ఇంత చదువుకున్నవాడివి, విడివిడిగా పట్టి చూడాలని నీకు తోచలేదేం? అదే బోరు, అవే నీళ్లు, అదే మోటారు తోపు, ఒకే పెట్టెలో వచ్చిన పొరలు. నీళ్లకు పొర పడకపోతే ఆరో గొట్టానికి ఎందుకు పడింది? దీనికి జవాబు చెప్పి ఆ తర్వాత సంతకం పెట్టు, చూస్తాను. పైగా ఆరింట్లో నువ్వు ఎప్పుడూ తిట్టిపోసింది దాన్నే. వచ్చినరోజే దాని మూత మర చెడి బిగుసుకుపోయింది. విప్పబోయి చెయ్యి జారి, కణుపులు చెక్కుకుని, స్పానరు గోడకేసి కొట్టావు. ఆ గుంత గోడకు ఇంకా ఉంది.

ఈ సంగతి సదాశివానికి చెప్పాను. పిలుచుకొచ్చి చూపించాను కూడా. ఎర్రగా నిలవడం వాడి కళ్లతోనే చూశాడు. చూసి, ఆరులో ఒకటి బాగుంటే అయిదు బాగలేవని అర్థం, రిపోర్టు రాకముందే, ఇంజనీరు నోటిమాట మీదే యంత్రం విప్పమని మద్రాసు నుంచి ఆర్డరు వచ్చేసింది, నన్నేం చేయమంటావు, అన్నాడు. వాడూ చెడ్డవాడు కాదు. కాగితానికి ఎదురు చెప్పే అలవాటు లేనివాడు.

పదో తేదీ గురువారం ఆ కాగితం పట్టుకుని లారీతో వచ్చాడు. నలుగురు కూలీలు, తాళ్లు, దుంగలు. తాళంచెవి ఇవ్వమన్నాడు. తాళంచెవి నా మొలతాడుకు కట్టుకున్నాను, కావాలంటే తీసుకో, అన్నాను. కూలీలు నవ్వారు. సదాశివానికి మొహం ఎర్రబడింది. సస్పెండు చేయిస్తాను అన్నాడు. నాకింక నాలుగు నెల్లే సర్వీసుంది సామీ, నువ్వు పొమ్మన్నా పోతాను, ఉండమన్నా పోతాను, అంతవరకు ఈ తాళం నాది, అన్నాను. అరుపులకు పూంగావనం వచ్చింది. ఆమె వెనక వీధిలోని ఆడవాళ్లందరూ వచ్చారు. ఎవరూ నినాదాలు చేయలేదు, ఏమీ లేదు. ఖాళీ బిందెలు లారీ చక్రాల ముందు వరసగా పెట్టి, ఒక్కొక్క బిందె పక్కన ఒక్కొక్కరు కూర్చున్నారు. పూంగావనం డ్రైవరుతో, అప్పా, నువ్వు పొయ్యేదుంటే పో, మా బిందెలు నలిగితే కొత్తవి తెచ్చిచ్చి పో, అన్నది. ఆ డ్రైవరుది ఇక్కడికి దగ్గరి మొరప్పూరు. వాడి పళ్లూ నా పళ్లలాగే గోధుమరంగు గార పట్టి ఉన్నాయి. కాసేపు అందరినీ చూశాడు. ఇంజను ఆపి, దిగి, బీడీ వెలిగించుకున్నాడు. మధ్యాహ్నం రెండింటికి లారీ ఖాళీగా పోయింది.

నీ వంటి పెద్ద ఇంజనీరు ఓడిపోయానని ఒప్పుకుని జీపెక్కి పోతే, పూంగావనం బిందె పెట్టుకుని కూర్చుని గెలిచింది. సిగ్గుగా లేదూ?

ఆరో గొట్టం ఒక్కటే నడుపుతున్నాను. మిగతా అయిదింటి కుళాయిలూ కట్టేశాను. వచ్చే నీళ్లు ఊరికి చాలవు, వీధికి కూడా చాలవు. అందుకని ఎనిమిదేళ్లలోపు పిల్లలకు మాత్రం, పొద్దున ఎనిమిది గంటలకు, ఇంటి వరసన, పిల్లకు ఒక చెంబు. పెద్దవాళ్లు ఎవరూ అడగరు. అడిగితే పూంగావనం ఉంది.

ఎనిమిదేళ్లు ఎందుకో నువ్వే చెప్పావు. అప్పటిదాకా తాగే నీళ్లే పళ్లను దిద్దుతాయి, ఆ తర్వాత ఏం తాగినా పళ్లు మారవు, అన్నావు. నా మనవరాలు మునియమ్మకు ఆరేళ్లు. మా అమ్మ పేరే పెట్టుకున్నాం. పైన ముందు పళ్లు రెండూ ఊడాయి. రోజుకు పదిసార్లు అద్దం ముందు నిలబడి పెదవి ఎత్తి చూసుకుంటుంది, నన్ను చూడమంటుంది. ఒకటి బియ్యపుగింజంత బయటికి వచ్చింది. ఆ గింజ మీద అప్పుడే సన్నని సుద్దగీత ఉంది. ముందు పళ్లకు ఆలస్యమైపోయిందని నాకు తెలుసు, ఆమెకు చెప్పలేదు. దవడపళ్లు ఇంకా లోపలే ఉన్నాయి. ఎముకలు ఇంకా లేతవి. వాటినైనా దక్కించుకుంటాను. నవ్వొచ్చినప్పుడల్లా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు నాది యాభై ఏళ్లది, నీకు తెలుసు. నా పెళ్లి ఫోటోలో కూడా నా చెయ్యి నోటి మీదే ఉంది. అది నాతోనే పోవాలి.

కాబట్టి నాకు కావలసింది చెబుతున్నాను. ఒకటి, సంతకం పెట్టకు. రెండు, నువ్వే స్వయంగా రా, ఆరు కుళాయిలూ విడివిడిగా పట్టి చూడు. మూడు, కొత్త పొరలు అయిదు తీసుకురా. తీసుకురాకపోతే, లారీ మళ్లీ వస్తే, ఈ తలుపు నేను తియ్యను. ముప్పై ఒక్కేళ్లుగా ఆయుధపూజకు ఒక్క ఏడాది తప్పకుండా మోటార్లు విప్పి, కడిగి, తుడిచి, గంధం కుంకుమ పెట్టి, వాటికి రోజంతా విశ్రాంతి ఇచ్చినవాణ్ణి. యంత్రాన్ని ఎలా చూసుకోవాలో నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. యంత్రంలో తప్పు లేదు. పొరలో తప్పు లేదు. నీళ్లలోనూ రాతలోనూ ఏమీ లేదు. అది నువ్వు ఒప్పుకునేదాకా నేను ఊరుకోను.

మీ ఇంట్లో అందరికీ నా ఆశీస్సులు. కాఫీ బాకీ అలాగే ఉందని సౌభాగ్యం చెప్పమంది.

ఇట్లు,
నీ మీద కోపం తీరని,
దొరసామి.

తా.క. పైన ఉన్నదంతా నిన్న ఆదివారమే రాసి, పోస్టుచేసే రోజని ఇవాళ్టి తేదీ వేసి, కవరు అంటించాను. సౌభాగ్యం చదివి వినిపించమంది. ఆమెకు అక్షరాలు రావు కదా, కవరు చింపి మొదటి నుంచీ చదివాను. నిన్ను తిట్టినచోటల్లా నవ్వుతూ వింది. చివరికి, అంతా బాగానే రాసినావుగానీ, ఆరో గొట్టం యెందుకు బతికిందో రాయలేదే, అన్నది. నేను ఉత్తరం మడవబోయాను. నా పాత చీర చించి ఇచ్చింది నేనే కదయ్యా, యెవురికి చెప్పకుండా దాస్తావు, అన్నది.

పద్మా, ఆయుధపూజ నాడు నీ యంత్రాన్ని నేనే విప్పాను. ముందునాడే ఊరి తొట్టి నింపి పెట్టి, పొద్దున్నే గొట్టాల్లోని నీళ్లన్నీ వంపేశాను. మూతలు తీసి, పొర చుట్టలను బయటికి లాగి, సౌభాగ్యం చీరగుడ్డతో తడి లేకుండా తుడిచి, కిటికీ దగ్గర ఎండలో నిలబెట్టాను, వడియాలు ఆరబెట్టినట్టు. తడిసి ఉన్నదానికి గంధం అంటదు. నీళ్లు నిండి ఉన్నదానికి విశ్రాంతి ఇచ్చినట్టు కాదు. ముప్పై ఒక్కేళ్లుగా చేసిన పనే, ఇంకా భక్తిగా చేశాను, ఎందుకంటే అది నువ్వు తెచ్చిన యంత్రం. మర్నాడు విజయదశమి. ఆ మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ బిగించాను. ఆ రోజు నుంచే నీళ్లు సన్నగా, చెడ్డగా వచ్చాయి.

నువ్వు నాకు చెప్పలేదని ఇక్కడ ఒక వాక్యం రాశాను. కొట్టేశాను, ఆ మరక అదే. నువ్వు చెప్పావు. యంత్రం దిగిన రోజే, నా భుజం మీద చెయ్యి వేసి, దొరా, ఏం చేసినా చెయ్యి, ఈ పొరను ఒక్క రోజు కూడా ఎండనివ్వకు, ఎండితే చచ్చిపోతుంది, అన్నావు. సరి సార్ అన్నాను. పండగ రోజు కూడా రోజేనని నాకు తట్టలేదు. అయిదో తేదీన నువ్వు అడిగిన ఒక్క ప్రశ్న, దొరా, దీన్ని ఏమైనా విప్పావా, అని. లేదు సార్ అన్నాను. సార్ అన్నాను, చూశావా, దొంగమాట కాబట్టి. నా మాట నమ్మి తప్పు నీ నెత్తిన వేసుకుని పోయావు. ఆ రోజు నాకు అనుమానమే. మంగళవారం ఆరో గొట్టం ఎర్రగా నిలిచినప్పుడు అనుమానం కూడా పోయింది.

ఇవాళ పదకొండు గంటలకు ఇదంతా తమిళంలో రాసి, సంతకం పెట్టి, సదాశివం బల్ల మీద పెట్టాను. వాడు చదివి, మొదటిసారి నన్ను కూర్చోమన్నాడు. నాలుగు నెలలు కళ్లు మూసుకుంటే అయిపోతుంది, తీసుకుపో, ఎవరికి తెలుస్తుంది, అన్నాడు. పద్మనాభన్‌కు తెలియాల సామీ, అన్నాను. నకలు దీనితో పెట్టాను. ఇక ఆ రిపోర్టులో తప్పు అనే చోట నా పేరు రాయి, నీ పేరు కొట్టెయ్యి. నన్ను ఏం చేస్తారో చేయనీ. కొత్త పొరలు బిగించేటప్పుడు మాత్రం వాటిని ఎండనివ్వని మనిషిని వెంట తీసుకురా. వాడికి పని నేను నేర్పిస్తాను, ఆయుధపూజతో సహా.

తిట్లు మాత్రం వెనక్కి తీసుకోను. రాసిపెట్టిన నీళ్లు అన్నావు కదా, దానికి అవి సరిపోతాయి.

ఆరో గొట్టాన్ని కూడా వదలలేదు నేను. ఆ రోజు మూత విప్పాలని గంటసేపు గుంజాను, కొబ్బరినూనె పోశాను, సుత్తితో కొట్టాను. రాలేదు. పూజకు వేళ మించిపోతోందని, విసుగొచ్చి, నీళ్లతో ఉన్నదాన్ని అలాగే వదిలేసి పైపైన బొట్టు పెట్టాను. దానికి మర్యాద చేయలేకపోయానే అని ఆ రోజంతా బాధపడ్డాను. ఇవాళ పొద్దున మునియమ్మ తాగిన చెంబెడు నీళ్లు దాంట్లోవే.